వినపడని వైపు

తెగిన పడుగుపోగు కొసలు రెండూ వేళ్లతో వెతికి పట్టుకుని, ముడివేసి, మిగిలిన నారను గోటితో తెంపేసి, సూరయ్య మగ్గం మీట లాగాడు. మగ్గం ఒళ్లంతా ఒక్కసారి అదిరి మళ్లీ పరుగందుకుంది. పోగు మోసే నాడె అటు కొట్టుకుని ఇటు, ఇటు కొట్టుకుని అటు. నూనె వాసన వేసే గోనెగుడ్డ వెచ్చవెచ్చగా అతని పొట్టవైపు జరుగుతోంది.

సన్నగా పొడుగ్గా ఉంటాడు సూరయ్య. మగ్గం మీదికి వంగి వంగి భుజాలు ముందుకు వాలిపోయాయి. తలకు చుట్టుకున్న తువ్వాలు మీద, కనుబొమ్మల మీద, చెవుల మడతల్లో నార నుసి పేరుకుని, యాభై కూడా నిండని మనిషి ఉదయం షిఫ్టు సగమయ్యేసరికి ముసలివాడిలా కనిపిస్తాడు. కుడిచేతి బొటనవేలు చర్మం చెప్పుతోలులా గట్టిపడింది. ఆ వేలికి ఇప్పుడు వేడీ తెలియదు, చల్లనా తెలియదు. పోగు మాత్రం తెలుస్తుంది.

రామతీర్థం వెళ్లే దారికి కాస్త ఎడంగా ఉన్న ఆ జూట్ మిల్లులోకి అతను మీసాలు రాని వయసులో వచ్చాడు. చీపురుపల్లి అవతల వాళ్లది మెట్ట సేద్యం. నారకు గోగు, తిండికి చోడి, ఇంత వేరుసెనగ. వరసగా వానలు మొహం చాటేసిన కాలంలో తండ్రి దాలయ్య, గోగు మోపు మిల్లుకు వేసినట్టే కొడుకునూ తెచ్చి మిల్లులో వేశాడు. మొదట్లో ఆ చప్పుడు సూరయ్యను వదిలేది కాదు. ఇంటికెళ్లి పడుకున్నా చెవుల్లో మగ్గాలు ఆడుతూనే ఉండేవి. తర్వాత అలవాటైపోయింది. అలవాటు కావడమంటే ఏమిటో అతనికి తెలిసేసరికి చాలా ఏళ్లు గడిచాయి.

ముందు పోయింది కుక్కరు కూత. "ఎన్ని కూతలొచ్చాయి మావా?" అని పెరట్లోంచి భార్య లక్ష్మణమ్మ అడిగితే, అసలది కూసిందా అని చూసేవాడు. ఆ తర్వాత పిచ్చుకలు. ఆ తర్వాత ఫోను మోత. పోతున్నవన్నీ సన్నటి చప్పుళ్లే కావడంతో కొంతకాలం అతనికే తెలియలేదు. లారీ హారను, మేస్త్రీ తిట్టు, పక్క మగ్గం గంగులు బొంగురు గొంతు బాగానే అందేవి. ఆడవాళ్ల మాట, పిల్లల మాట మాత్రం నీళ్లలోంచి వస్తున్నట్టు తోచేది. ఇప్పుడు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి సగం ఉంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మిల్లులో అంతకుముందు లక్ష్ముడని ఒకడుండేవాడు. వినికిడి పోయిందని తెలిశాక సెవిటి లక్ష్ముడైపోయాడు. టీకొట్టు దగ్గర వాడి ఎదురుగానే నవ్వుతూ వాడి పెళ్లాన్ని ఏదో ఒకటి అనేవారు. వాళ్లు నవ్వుతున్నారు కాబట్టి వాడూ నవ్వేవాడు. ఆ నవ్విన వాళ్లలో సూరయ్య కూడా ఉన్నాడు. అందుకే తన సంగతి వచ్చేసరికి నోరు నొక్కేసుకున్నాడు. మగ్గాల షెడ్డులో ఎవరికీ ఏమీ వినపడదు, అందరూ సైగలతోనే పని కానిస్తారు. అక్కడ ఉన్నంతసేపూ అతను అందరిలో ఒకడు. బయటికొచ్చాకే కష్టం. దానికీ ఉపాయం కనిపెట్టాడు. ఎదుటివాళ్లకు సందివ్వకుండా తనే మాట్లాడేవాడు, గట్టిగా. వాళ్లు ఏమైనా అంటే మొహం చూసి, తల ఊపి, "సరే" అనేవాడు. లోకంలో చాలా మాటలకు ఆ జవాబు సరిపోతుంది.

విరామం గంట మోగినట్టు మగ్గాలు ఆగడంతో తెలిసింది. అందరూ క్యాంటీను వైపు నడిచారు. సూరయ్య మాత్రం గోనెల గోదాము వెనక్కి వెళ్లాడు. ఈ మధ్య రోజూ అటే వెళుతున్నాడు. ఫోను పట్టుకుని ఒక్కడే గోడవార కూర్చుని మాట్లాడుకుంటున్నాడని చూసిన గంగులు, బావ ఈ వయసులో ఎవతినో తగులుకున్నాడని రెండు మగ్గాల అవతలిదాకా సైగలతో కథలు చెప్పాడు.

అక్కడ ఆడమనిషీ లేదు, మగమనిషీ లేదు. పదో తరగతి పరీక్షల తర్వాత జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో కూతురు హేమ వాళ్ల టీచరు రాజకుమారి, మాటలకు జవాబిచ్చే యాప్ ఒకటి అందరి ఫోన్లలోనూ పెట్టించింది. పిల్లలతో ఎలా మెలగాలో తోచనప్పుడు దానితో మాట్లాడవచ్చట. అది యంత్రమేననీ, మనిషి కాదనీ, ఎవరికీ చాడీలు చెప్పదనీ టీచరు రెండుసార్లు చెప్పింది. సూరయ్యకు ఆమె మాటల్లో సగమే అందాయి. కానీ ఫోను తెర మీద చూపించినప్పుడు ఒకటి కళ్లబడింది. తను నోటితో మాట్లాడితే చాలు, అది జవాబు అక్షరాల్లో రాస్తుంది. ఏడో తరగతి దాకా చదివినవాడు. వేలు పెట్టి కూడబలుక్కుని చదవగలడు. సంవత్సరాల తర్వాత ఒకరి మాట పూర్తిగా, ఒక్క ముక్క జారిపోకుండా అతనికి అందడం ఆ తెర మీదే.

మొదటిరోజు అది అతన్ని నవ్వించింది. "మా గుంట నాతోటి మాటాడదు, ఏటి సెయ్యాల?" అని అడిగితే, ఏటి ఒడ్డున పిల్లల్ని ఒంటరిగా వదలకూడదనీ, వానాకాలంలో ప్రవాహం ఎక్కువగా ఉంటుందనీ బోలెడంత రాసింది. అప్పట్నుంచి దానితో మాట్లాడేటప్పుడు రేడియోలో వార్తలు చదివేవాడిలా నిదానంగా మాట్లాడడం నేర్చుకున్నాడు. కాకపోతే గట్టిగా. తన గొంతు తనకు వినపడాలిగదా.

హేమ, సూరయ్యకు పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన పిల్ల. ఒక్కతే. శివరాత్రికి రామతీర్థం కొండకు తీసుకెళితే తండ్రి భుజాల మీద కూర్చుని, వంగి చెవిలో గుసగుసగా ఏదో ఒకటి చెబుతూ ఉండేది. చెరుకుగడ కావాలని, కాళ్లు తిమ్మిరెక్కాయని, ఆ నల్లమేక తనవైపే చూస్తోందని. ఎప్పుడు మానేసిందో అతనికి గుర్తులేదు. పిల్లలు ఎదిగితే దూరం జరుగుతారని లోకమంతా అంటుంటే కాబోలనుకున్నాడు.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం, బడిలో వీడ్కోలు వేడుక జరిగినరోజు, హేమ చీకటిపడే వేళకు గాని ఇంటికి రాలేదు. స్నేహితురాళ్లతో నవ్వుకుంటూ వస్తున్న పిల్లను వీధి మొగలోనే ఆపి చెంప మీద కొట్టాడు సూరయ్య. ఆమె పెదాలు ఏదో అన్నాయి. ఎదురు మాట్లాడుతోందనుకుని మళ్లీ కొట్టాడు. ఆనాటి నుంచి హేమ అతన్ని నాన్నా అని పిలవలేదు. అన్నం పెట్టాలన్నా, సంతకం కావాలన్నా తల్లి చేత చెప్పించేది. ఈలోగా నరసన్నపేట అవతల ఆడపిల్లల గురుకుల కాలేజీలో సీటు వచ్చింది. ఈ మధ్యాహ్నమే ప్రయాణం. దిగబెట్టడానికి అమ్మ వస్తే చాలందట. ఆ మాట కూడా లక్ష్మణమ్మే చెప్పింది, నేల చూస్తూ.

గోదాము నీడలో గొంతుక్కూర్చుని ఫోను తీశాడు.

"మా అమ్మాయి ఈవేళ ఎల్లిపోతన్నాది. పోయేముందు దానికేం సెప్పాలో తెల్డం లేదు," అన్నాడు.

అక్షరాలు వచ్చాయి. బిడ్డ వెళ్లిపోయే రోజు దిగులుగా ఉండడం సహజమని రాసింది. ఆ తర్వాత, అతను ఇదివరకే చెప్పి ఉన్న దెబ్బ సంగతి ఎత్తి, 'ఏం చెప్పాలో చూసేముందు ఒకటి అడుగుతాను. ఆ సాయంత్రం మీరు చెయ్యి ఎత్తడానికి ముందు మీ మనసులో ఏముంది?' అంది.

"కోపం," అన్నాడు.

'ఆ కోపం రాకముందు?'

ఇలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గోడకు తల ఆనించాడు. ఆ సాయంత్రం వీధి మొగలో నిలబడి చూసిన ఎదురుచూపు గుర్తొచ్చింది. బస్సు వెళ్లిపోయింది. ఆటోలు వచ్చిపోతున్నాయి. ప్రతి ఆటోలోకీ వంగి చూశాడు. పిల్ల కనబడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ లేచొచ్చిన ప్రాణమే చెయ్యెత్తింది. ఇదంతా అతుకుల బొంతలా ఫోనుకు చెప్పాడు.

అది అతన్ని తప్పుపట్టలేదు, వెనకేసుకునీ రాలేదు. మీరు భయపడ్డారు, హేమకు కనిపించింది మాత్రం కోపమే అని రాసింది. మరి ఆమె వైపు నుంచి ఆ సాయంత్రం ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి చూద్దామంది. 'ఆలస్యమవుతుందని ఆమె మీకు ముందుగా చెప్పే ప్రయత్నం ఏమైనా చేసిందా?'

"లేదు," అనబోయాడు. నోట్లోనే ఆగిపోయింది.

ఆ రోజు షిఫ్టు దిగి గేటు బయట నడుస్తుండగా జేబులో ఫోను అదిరింది. తెలియని నంబరు. ఎడమచెవికి పెట్టుకున్నాడు. సన్నగా ఏదో గొంతు. లారీలు పోతున్నాయి. ఎప్పుడూ అనేదే అన్నాడు. సరే, సరే. పెట్టేశాడు.

టీచరు ఫోను అయ్యుంటుంది. పిల్ల అడిగింది. తండ్రి సరేనన్నాడు. నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. అదే తండ్రి వీధిలో అందరి ముందూ కొట్టాడు. ఆ పెదాలు అన్నది ఎదురు మాట కాదు. సెప్పాను గదా నాన్నా, అని ఉంటుంది.

సూరయ్య కనురెప్పల మీది నుసి తడిసి కళ్లలోకి దిగి మండింది. అప్పుడు, మనిషి కాని ఆ వస్తువుతో, పెళ్లాంతో కూడా అనని మాట అన్నాడు.

"నాకు ఇనపడదు."

అక్షరాలు ఈసారి ఆలస్యంగా వచ్చినట్టు అతనికి తోచింది. ఈ మాట చెప్పడం తేలిక కాదని రాసింది. చెవి డాక్టరుకు చూపించుకోవడం మంచిదని రాసింది. ఆ కింద ఉన్న రెండు వాక్యాల మీద సూరయ్య వేలు ఆగిపోయింది.

'మీరు తన మాట వినలేదని హేమ అనుకుంటూ ఉండవచ్చు. మీకు వినపడలేదని ఆమెకు తెలుసా?'

మళ్లీ చదివాడు. రెండూ దగ్గరదగ్గర మాటలే. మధ్యలో ఇన్నేళ్లు ఉన్నాయి.

అయితే ఇప్పుడేం చెప్పాలో నువ్వే రాసిపెట్టమని అడిగాడు, చదివేస్తానన్నాడు. రాసివ్వగలనుగానీ, మీకు తెలిసిన మాటల్లో మీరు చెబితేనే ఆమెకు మీరు చెప్పినట్టుంటుందని అది అంది. హేమ మనసులో నిజంగా ఏముందో తనకు తెలియదనీ, ఆమెనే అడగాలనీ, ఆమె వెంటనే మెత్తబడకపోవచ్చనీ కూడా అంది. సూరయ్యకు ఒళ్లు మండింది. ఇంతదూరం నడిపించుకొచ్చి గుమ్మం దగ్గర వదిలేసినట్టుంది. ఫోను జేబులో పడేసి లేచాడు. మిగిలిన షిఫ్టంతా పోగులు తెగుతూనే ఉన్నాయి. గంగులు రెండుసార్లు వచ్చి మగ్గం ఆపి, ఏమైందని సైగ చేశాడు.

ఇంటికొచ్చేసరికి గదంతా సామానే. కొత్త బకెట్టు, చుట్టిన పరుపు, కంచం, గ్లాసు. లక్ష్మణమ్మ పెరట్లో పప్పుచెక్కలు డబ్బాలోకి సర్దుతోంది. హేమ అతనికి వీపు పెట్టి సంచిలో బట్టలు కుక్కుతోంది. రెండు జడలు, సన్నటి మెడ. అచ్చం దాలయ్య మెడ.

సూరయ్య గొంతు సవరించుకున్నాడు. ఏదో అన్నాడు, బస్సు గురించి. ఆమె తిరగలేదు. జవాబు చెప్పిందో లేదో అతనికి తెలిసే దారి లేదు.

"ఒలే, ఇటు తిరుగు," అన్నాడు.

మామూలుగానే అన్నాననుకున్నాడు. హేమ గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి చెంపను కప్పుకుంది.

ఆ చెయ్యిని చూశాడు సూరయ్య. మంచం మీద కూలబడ్డాడు. ఇప్పుడు ఆమె నిలబడి ఉంది, అతను కింద ఉన్నాడు. చెయ్యి మెల్లగా దిగింది.

"నాకు ఇనపడదమ్మా," అన్నాడు. "కుడిసెవి అసలే లేదు. ఇటేపు కొంచెం ఉన్నాది. ఆరోజు నువ్వు పోను సేస్తే నాకేటీ ఇనపడనేదు. ఉత్తినే సరే అన్నాను. నాను కొట్టింది తప్పు."

ఇన్నేళ్లు దాచిన మాట అది. దాన్ని నెమ్మదిగా చెప్పడం అతనికి చేతకాలేదు. వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న ఎదురింటి జగ్గమ్మ తలెత్తి చూసింది. పెరట్లోంచి లక్ష్మణమ్మ డబ్బా మూత చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

హేమ అతని మొహంలోకి చూసింది. నమ్మినట్టు లేదు. నడిచి అతని వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకొచ్చింది.

"నేనిప్పుడేటన్నాను?" అని అడిగింది. పెదాలను బట్టి అర్థమైంది.

"తెల్దు."

మళ్లీ వెళ్లింది, ఈసారి ఎడమవైపు నుంచి. మళ్లీ వచ్చి నిలబడింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మొహంలో ఏదో సడలడం, ఆ వెనకే మరేదో ముంచుకురావడం చూశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడెప్పుడు ఏమేం చెప్పిందో, ఆయన వేటికి సరే అన్నాడో వెనక్కి వెనక్కి తవ్వుకుంటున్నట్టుంది పిల్ల. అందరి మాటా వింటాడు, గంగులు మావ మాట వింటాడు, నా మాటొక్కటే ఈ మనిషికి అక్కర్లేదు అనుకుందట. ఆ సంగతి తర్వాత లక్ష్మణమ్మ చెప్పింది.

గోడవారనున్న ప్లాస్టిక్ స్టూలు కాలితో లాక్కొచ్చి అతని ముందు వేసుకుని, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది హేమ.

"బాగా నొప్పెట్టింది నాన్నా," అంది.

నాన్నా అన్న మాట పెదాల మీద కనబడింది. "ఊఁ," అన్నాడు.

ఆమె ఇంకేదో అంది. త్వరగా అంది. అతని నాలుక చివరిదాకా ఆ పాత మాట వచ్చింది. మింగేశాడు.

"అందనేదు. మళ్లీ సెప్పు."

హేమ నిదానంగా, ఒక్కో మాట తుంచి తుంచి చెప్పింది. "సీటొచ్చిన రోజు ఒక్కసారి నేనే వచ్చి నిన్నడిగాను. హాస్టలుకి ఎల్లిపోనా అని. నువ్వు వద్దంటావనుకున్నాను. సరే అన్నావు."

సూరయ్యకు ఆ రోజు గుర్తే. అరుగు మీద కూర్చుని తువ్వాలు దులుపుకుంటున్నాడు. ఎన్నాళ్లకో పిల్ల తనే వచ్చి ఎదురుగా నిలబడింది. మొహంలో నవ్వుండబట్టి మంచి కబురే అనుకున్నాడు.

"ఎల్లకు," అన్నాడు. "ఉండిపో. ఇక్కడే సదుంకో."

హేమ తలొంచుకుంది. ఓణీ కొస వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. లక్ష్మణమ్మ ఏదో అనబోతే చేత్తో ఆపింది. తర్వాత తలెత్తి, అతనికి కనబడేలా చెప్పింది.

"అప్పుడు కోపంతోటి ఎల్లిపోదామనుకున్నాను. ఇప్పుడు కోపం కొంచెమే ఉంది. అయినా ఎల్తాను నాన్నా. నాకు సదువుకోవాలనుంది."

"నానూ రానా దిగబెట్టడానికి?"

"ఈసారికి అమ్మొస్తాది. కాలేజీలో మీటింగు పెడతారు గదా, దానికి నువ్వు రా. ముందు సెవి డాక్టరుకాడికి ఎల్లు."

అతను తల ఊపాడు. విన్నాకే ఊపాడు.

ఆటో వచ్చింది. సూరయ్య పరుపు, బకెట్టు ఎత్తి వెనక కట్టాడు. లాగి చూసి, మళ్లీ ముడి బిగించాడు. హేమ ఎక్కి కూర్చుని, పక్కన తల్లికి చోటిచ్చింది. ఆటో కదులుతుంటే బయటికి వంగి, చేత్తో తన చెవిని ముట్టుకుని చూపించింది, మరిచిపోకు అన్నట్టు. రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యి బయటే ఉంది. దుమ్ము అణిగేదాకా సూరయ్య అక్కడే నిలబడ్డాడు.

లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఫోను తీశాడు. పక్కన పెట్టేశాడు.

జగ్గమ్మ కూరగిన్నెతో వచ్చింది. అతను చూస్తున్నాడని తెలిసినా దగ్గరికొచ్చి, చెవి పక్కన వంగి, అన్నం తిన్నావా అన్నయ్యా అని వీధంతా దద్దరిల్లేలా అరిచింది. రేపటికి మిల్లులో కూడా తెలిసిపోతుంది. టీకొట్టు దగ్గర ఎవడో మొదలుపెడతాడు. పోనీ అనుకున్నాడు సూరయ్య. తిన్నానని చెప్పాడు. తినలేదు.

జగ్గమ్మ గిన్నె కింద పెట్టి, చుట్టూ చూసి, కూర్చోవడానికి స్టూలు తనవైపు లాక్కోబోయింది. సూరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్నలా ఉండనియమ్మా," అన్నాడు. ఈసారి అతని గొంతు ఎంత మెల్లగా వచ్చిందంటే జగ్గమ్మ ఏమిటన్నట్టు మొహం పెట్టింది.

ఆమె వెళ్లిపోయాక గదిలో ఎండ గోడ మీదికి పాకింది. ఒక కాలు కాస్త వంకరపోయిన ఆ నీలిరంగు స్టూలు, మంచానికి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గర్లో ఉండిపోయింది.